మేకకు ఆకు మేతే బలం

గొర్రె నేలబారు గడ్డి మేస్తుంది. మేక మాత్రం ముందరి కాళ్లు కొమ్మకు ఆనించి నిలబడి, చిగుళ్లు తుంచుకుంటుంది. వరిగడ్డిలో ముడి మాంసకృత్తులు సుమారు 4 శాతమే. సుబాబుల్, అవిశ ఆకుల్లో పొడి పదార్థం లెక్కన 20 శాతం పైమాటే. ఎండాకాలంలో గడ్డి మాడిపోయినా, చెట్లున్న చోట మందలు నిలదొక్కుకునేది అందుకే.

అయితే సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది. మోతాదు మించితే వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. కాబట్టి మేతలో మూడోవంతు దాటనివ్వకూడదు. పొట్టలో ఈ విషాన్ని విరిచే బ్యాక్టీరియా సినర్జిస్టెస్ జోన్సీ.

తుమ్మ, జమ్మి ఆకుల్లో టానిన్లు ఎక్కువ. ఇవి మాంసకృత్తులను పట్టి ఉంచి జీర్ణం కానివ్వవు. కొద్దిపాళ్లలో మాత్రం పొట్టపురుగులను అదుపు చేస్తాయి.