అంచెల మీద లేఖ

ఉప్పల్ నుండి వరంగల్ రహదారి వెంట తూర్పుగా సాగితే పోచారం వస్తుంది. ఒకప్పటి పొలాల నడుమ నేడు ఇన్ఫోసిస్ వారి విశాల ప్రాంగణం కనిపిస్తుంది. అక్కడ కూర్చున్నవారు క్షణంలో అమెరికాతో సంభాషించగలరు. అయితే ఆ సంభాషణ అంతా భూమిలోని తీగల మీద, సెల్‌ఫోన్ టవర్ల మీద, ఎడతెగని విద్యుత్తు మీద ఆధారపడి ఉన్నది. అవి ఆగిపోతే కంప్యూటర్లు ఒకదానికొకటి మూగవైపోవలసిందేనా?

తీరాంధ్ర ప్రజలకు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. తంతిస్తంభాలు కూలాయి, దారులు తెగిపోయాయి. ఎన్నో గ్రామాల దుఃస్థితి లోకానికి తెలియడానికే ఆలస్యమైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకే నాటికి అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్నాయి. కాని రోజుల తరబడి అవి సరిగా పలకలేదు. ‘క్షేమం’ అన్న ఒక్క మాట కోసం దూరాన ఉన్న బంధువులు తపించిపోయారు.

తెగని దారి ఉంటేనే వార్త చేరుతుందనుకోవడం ఇటీవలి అలవాటు. పూర్వం అంచెటపా ఉండేది. సంచి మోసేవాడు తన అంచె వరకు పరుగెత్తి, దానిని రెండవవానికి అప్పగించేవాడు. ఏరు పొంగితే సంచి ఆ అంచెలోనే భద్రంగా ఉండేది; నీరు తీసిన పిదప ముందుకు సాగేది. దారి అంతా ఒకేసారి తెరచి ఉండనవసరం లేదు. పుచ్చుకొని, దాచి, వీలైనప్పుడు ముందుకు పంపడం, ఇంతే ఆ పద్ధతి. (‘హంస’కు వికృతి ‘అంచ’; ‘అంచె’ వేరొక మాట. మన కావ్యాలలో సందేశం మోసినది అంచ కావడం మాత్రం ముచ్చటైన పోలిక. పింగళి సూరన ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’లోని శుచిముఖిని గుర్తుచేసుకోండి.)

ఈ అంచె పద్ధతినే కంప్యూటర్లకు, రేడియోకు జోడించినది ‘ప్యాకెట్ రేడియో’. దీనిని పెంచి పోషించినవారు హ్యామ్‌లు, అనగా లాభాపేక్ష లేకుండా అభిరుచితో రేడియో కేంద్రాలు నడిపే ఔత్సాహికులు. కంప్యూటర్‌లో టైపు చేసిన లేఖను మోడెం వంటి చిన్న పెట్టె ధ్వనులుగా మారుస్తుంది. రేడియో ఆ ధ్వనులను ప్రసారం చేస్తుంది. ఆవలి పెట్టె వాటిని తిరిగి అక్షరాలు చేస్తుంది. నేడు ఆ పెట్టె పనిని కంప్యూటర్‌లోని సౌండ్ కార్డే చేయగలదు.

లేఖ మొత్తం ఒక్కసారిగా పోదు. 256 బైట్లకు మించని పొట్లాలుగా విడిపోతుంది. ప్రతి పొట్లం మీద పంపినవారి సంకేతనామం, అందవలసినవారి సంకేతనామం, చివర సరిచూచుకొనే అంకెలు ఉంటాయి. అంకెలు సరిపోతే ‘అందినది’ అని ప్రత్యుత్తరం వస్తుంది. రాకపోతే పంపినవారు అదే పొట్లాన్ని మళ్లీ పంపుతారు. సుందరకాండ చదివినవారికి ఇది కొత్తగా తోచదు. హనుమంతుడు తానెవరి దూతయో తెలుపడానికి అంగుళీయకం ఇచ్చాడు. సందేశం చేరినదనడానికి చూడామణి తెచ్చాడు. దూతకు ఆనవాలు, యజమానికి రుజువు రెండూ ఉండాలి.

మన పరిసరాలలోనే ఒక ఉదాహరణ ఊహించుదాం. పోచారంలో ఒక మేడ మీద ఏంటెన్నా ఉన్నది. లేఖ హనుమకొండకు చేరాలి. ఈ పనికి సాధారణంగా వాడే 144 మెగాహెర్ట్‌జ్ తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత మేరకే పోతాయి. అందుచేత ఎత్తైన చోటు కావాలి. సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో భువనగిరి కోట ఉన్న ఏకశిలా పర్వతం ఉన్నది. అక్కడొక అంచె, జనగామలో మరొకటి, ఆపై హనుమకొండ గుట్టలు. జనగామలో ఆ రాత్రి విద్యుత్తు లేకపోతే లేఖ భువనగిరి కంప్యూటర్‌లోనే వేచి ఉంటుంది. కారు బ్యాటరీ తెచ్చి తగిలించిన వెంటనే కదులుతుంది. ఇంటర్నెట్ ఉన్న ఊరి వరకు ఇలా ప్రయాణించి, అక్కడ మామూలు ఈమెయిల్‌గా మారే ఏర్పాట్లు కూడ ఉన్నాయి.

వేగం మాత్రం స్వల్పం. సాధారణంగా సెకనుకు 1,200 బిట్లు, అనగా 150 బైట్లు. ఇక్కడ మన లిపి సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్‌ను యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో పంపితే తెలుగులో ప్రతి సంకేతానికి మూడు బైట్లు కావాలి. ‘క్షేమం’లో క, పొల్లు, ష, ఏత్వం, మ, సున్న మొత్తం ఆరు సంకేతాలు; కనుక 18 బైట్లు. 1991 నాటి ‘ఇస్కీ’ ప్రమాణంలో ఆరే. 200 మాటల తెలుగు లేఖ ఇంచుమించు 5,000 బైట్లు, ఇరవై పొట్లాలు. ప్రత్యుత్తరాల కోసం వేచి ఉండే సమయం కాక అరనిమిషానికి పైగా పడుతుంది. ఛాయాచిత్రాలకు ఈ దారి ఇరుకు. ‘క్షేమం’ అన్న మాటకు మాత్రం సెకను కూడ పట్టదు!

మన హైదరాబాదులో 1983లో నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యను ప్రచారం చేసినది. ఆ సంస్థ తరఫున 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నది. 26వ తేదీన సునామీ వచ్చి టెలిఫోన్లు ఆగిపోగా, వారి రేడియోలే అండమాన్‌కూ ప్రధాన భూభాగానికీ నడుమ వార్తలు చేరవేశాయి. అవి ప్రధానంగా కంఠస్వరంతో పంపిన వార్తలు. అత్యవసరంలో మనిషి గొంతుకు మించిన ఓదార్పు లేదు. కాని వందల పేర్లు వరుసగా చదవవలసి వస్తే చెవి పొరబడుతుంది, వ్రాసే చేయి అలసిపోతుంది. అక్కడ ప్యాకెట్ పద్ధతి మేలు.

అంచె నేల మీదనే ఉండాలన్న నియమమూ లేదు. 1990లో ప్రయోగించిన పాక్‌శాట్ వంటి చిన్న ఉపగ్రహాలు ఒక దేశం మీదుగా పోతూ లేఖలు తీసుకొని, మరొక దేశం మీదికి వచ్చినప్పుడు దించేవి. 2005 మే 5న శ్రీహరికోట నుండి ఎగిరిన 42.5 కిలోల ‘హ్యామ్‌శాట్’ లేఖలు దాచలేదు. విన్న స్వరాన్ని అప్పుడే తిరిగి పంపేది. 2014 వరకు అది పనిచేసినది.

ఈ దారిలో రహస్యాలకు తావు లేదు. హ్యామ్‌లు గూఢలిపి వాడరాదు, వ్యాపారం చేయరాదు. పంపినది ఎవరైనా వినవచ్చు. కేంద్ర ప్రభుత్వం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందినవారికే ప్రసారం చేసే హక్కు. సంకేతనామాలు ‘వి.యు.’తో మొదలవుతాయి. పరీక్షకు పన్నెండేళ్లు నిండితే చాలు.

అభ్యాసం
1. అంచెటపాకు, ప్యాకెట్ రేడియోకు గల పోలికలను వివరించండి.
2. ‘తుఫాను’ అన్న మాటకు యు.టి.ఎఫ్.-8లో ఎన్ని బైట్లు కావాలో లెక్కించండి.
3. ‘ప్రత్యుత్తరం’, ‘అత్యవసరం’: విడదీసి సంధి పేరు తెలుపండి.