జ్వరం తగ్గడం వేరు, జబ్బు పోవడం వేరు

పోయిన వేసవి సెలవుల్లో మా ఊర్లో నాకు చలిజ్వరం వచ్చింది. సంతలో ఒకాయన ఏ పరీక్షా చెయ్యకుండానే సూది వేశాడు. అమ్మ కోడిని అమ్మిన డబ్బులు ఆయనకే పోయాయి. జ్వరం తగ్గింది గానీ నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది.

ఈసారి ఆశా అక్క నా వేలి నుంచి రక్తం చుక్క తీసి పరీక్ష చేసింది. వైవాక్స్ మలేరియా అని తేలింది. ఈ క్రిమి కాలేయంలో దాక్కుంటుంది. అందుకే జ్వరం తిరగబెడుతుంది. 3 రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్ మాత్రలు ఇచ్చారు. నాలుగో రోజుకే నాకు బాగైపోయింది. అయినా అక్క రోజూ వచ్చి దగ్గరుండి మింగించింది. మళ్ళీ జ్వరం రాలేదు.

కాబట్టి మందిచ్చేవారిని ఇలా అడగండి: ఏ పరీక్ష చేశారు? జబ్బు పేరేమిటి? మందు ఎన్ని రోజులు వాడాలి? విసుక్కోకుండా చెప్పేవారినే నమ్మండి. హాస్టల్లో చలిజ్వరం వస్తే దాచకుండా వార్డెన్ సారుకి చెప్పండి.