సంతకం పెట్టే ముందు

అమ్మలూ,

సోమవారం నుంచి మూడో సంవత్సరం పిల్లలకు మెడిసిన్ క్లినిక్స్ నువ్వే తీసుకోవాలన్నారని, మొదటిరోజు ఏ కేసు చెప్పాలా అని పుస్తకాలు తిరగేస్తున్నానని రాశావు. మిట్రల్ స్టెనోసిస్ గురించి నీకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు, పుస్తకాలు మూసెయ్. పిల్లలు పేషెంట్ దగ్గర ఏం చేస్తున్నారో పక్కన నిలబడి చూడటం మాత్రం ఇప్పుడు నేర్చుకోవాలి. మన కాలేజీల్లో క్లినికల్ టీచింగ్ బాగుపడాలంటే అక్కడి నుంచే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం.

వార్డులో జరిగేది నీకు తెలుసు. పొద్దున బ్యాచ్ వస్తుంది, ఇద్దరు కేసు తీస్తారు, తర్వాత టీచర్ వస్తారు. మంచం చుట్టూ ఇరవై మంది మూగుతారు. ముందున్న నలుగురికి పేషెంట్ కనిపిస్తాడు, వెనకవాళ్లకు ముందున్నవాళ్ల తెల్లకోట్లు కనిపిస్తాయి. ఒకరు కేసు చదువుతారు. టీచర్ మధ్యలో ఆపి ప్రశ్నలడుగుతారు, జవాబు రాకపోతే తనే చెబుతారు, అక్కణ్నుంచి అది లెక్చర్ అయిపోతుంది. కేసు తీసిన కుర్రాడు కడుపు మీద చెయ్యి ఎక్కడ పెట్టాడో, పేషెంట్‌ని ఏమడిగాడో, అసలు అడిగాడో లేదో ఎవరికీ తెలియదు. ఓస్లర్ 1890ల్లో జాన్స్ హాప్కిన్స్‌లో విద్యార్థులను లెక్చర్ హాలు నుంచి వార్డుల్లోకి తీసుకెళ్లింది పేషెంట్ దగ్గర పని చేస్తూ నేర్చుకోవాలని. మనం లెక్చర్ హాలునే వార్డులోకి తెచ్చిపెట్టుకున్నాం.

దీని ఫలితం చూడాలంటే నీ వార్డులో ఓ పది కేస్ షీట్లు తీసి, రెస్పిరేటరీ రేటు రాసిన చోట చూడు. 18, 18, 20, 18. ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. న్యుమోనియా పేషెంట్‌కి ఆ అంకె 30 చేరిందంటే జబ్బు తీవ్రతను కొలిచే సీయూఆర్‌బీ-65లో ఒక పాయింటు. ఇంటికి పంపాలా, ఉంచుకోవాలా, ఐసీయూకి మార్చాలా అన్నది దాని మీద కూడా ఆధారపడుతుంది. ఖర్చు లేనిది, పరికరం అక్కర్లేనిది, అన్నిటికన్నా ముందు ప్రమాదం చెప్పేది ఆ అంకె. దాన్నే ఊహించి రాస్తున్నారు.

నీ మొదటి క్లినిక్ దీంతో మొదలుపెట్టు. బ్యాచ్‌ని ముగ్గురేసి చొప్పున విడదీసి, నీ పీజీలకు తలా ఒక జట్టు అప్పగించు. నువ్వొక జట్టును తీసుకో. ఆయాసపడుతున్న పేషెంట్ దగ్గర అనుమతి తీసుకుని, నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం ఛాతీ మీద పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టమను. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరికైనా ఊపిరి మారిపోతుంది, అందుకే నాడి మీద వేళ్లు తీయకూడదు. ముగ్గురూ విడివిడిగా చీటీ మీద రాసుకోవాలి. 24, 26, 31 అని మూడు రకాలుగా వస్తే కంగారుపడకు. నువ్వూ లెక్కపెట్టి నీ అంకె చెప్పి, తేడా ఎక్కడ వచ్చిందో వాళ్లనే వెతకమను. ఒకరు పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించి ఉంటారు. ఇంకొకరు దుప్పటి పైనుంచే చూసి ఉంటారు. ఈ ఒక్క పనికి ఇరవై నిమిషాలు పట్టినా పట్టనీ. ఆ తర్వాత వాళ్లకు ఊరికే 18 అని రాయడానికి చెయ్యి రాదు.

హిస్టరీ తీసేటప్పుడు కూడా నువ్వు వెనక కుర్చీలో కూర్చో. మాట్లాడకు. ఇది చాలా కష్టం, చెప్పడం అలవాటైన నోరు ఊరుకోదు. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ చూసినప్పుడు డాక్టర్లు పేషెంట్ మాటను సగటున 18 సెకన్లకే అడ్డుకుంటున్నారని తేలింది. మన ఓపీల్లో అంతకన్నా ఓపిక ఎక్కువుందని నేననుకోను. దానికి తొమ్మిదేళ్ల ముందు బ్రిటన్‌లో హాంప్టన్ బృందం ఓపీకి కొత్తగా వచ్చిన 80 మందిని గమనిస్తే, 66 మందిలో రిఫరల్ లెటర్, హిస్టరీలతోనే చివరి డయాగ్నసిస్ దొరికింది. ల్యాబ్ పరీక్షల వల్ల మారింది ఏడుగురిది. స్కానింగులు పెరిగిన ఈ రోజుల్లోనూ ఏ స్కానింగు రాయాలో చెప్పేది హిస్టరీయే.

విద్యార్థి కేసు చెప్పడం పూర్తయ్యాక మొదటి ప్రశ్న ఒక్కటే ఉండాలి: ‘ఏమనుకుంటున్నావ్?’ తప్పో ఒప్పో, ఒక డయాగ్నసిస్‌కి కట్టుబడనీ. తర్వాత ‘ఎందుకనుకుంటున్నావ్?’ అని అడుగు. 1992లో నేహర్, ఆయన సహచరులు ఐదు మెట్ల పద్ధతిగా రాసి, తర్వాత వన్ మినిట్ ప్రిసెప్టర్ అన్న పేరుతో ప్రచారంలోకి వచ్చింది ఇదే. మిగతా మూడు మెట్లు కూడా సులువే: పనికొచ్చే ఒక సూత్రం చెప్పడం, చేసిన మంచిని పేరుపెట్టి మెచ్చుకోవడం, తప్పును దిద్దడం. ఓపీ రద్దీలోనూ కుదురుతుంది కనుకే నాకు ఈ పద్ధతి మీద గురి.

ఉదాహరణకు, యాభై ఏళ్ల కొబ్బరి రైతు నడిస్తే ఆయాసం, నీరసం అని వచ్చాడనుకో. పిల్లవాడు ‘హార్ట్ ఫెయిల్యూర్, మేడమ్’ అంటాడు. తప్పని అనకు. ఎందుకని అడుగు. ‘నడిస్తే ఆయాసం కదా’ అంటాడు. మెడ సిరలో ఒత్తిడి (జేవీపీ) చూపించమను. తల వైపు మంచం 45 డిగ్రీలు ఎత్తాడా, మెడ కొద్దిగా పక్కకు తిప్పించాడా, వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడ్డాడా, అన్నీ నువ్వు చూస్తావు. జేవీపీ పెరగలేదు. ఊపిరితిత్తుల్లో క్రెప్స్ లేవు. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. అప్పుడడుగు: ‘ఈయనది ఏ ఊరు?’ కేస్ షీట్లో మొదటి లైన్లోనే రాసుకున్నాడు, కవిటి అని. విశాఖలో ఉన్న నీకు కవిటి ఉన్న ఉద్దానం గురించి చెప్పక్కర్లేదు. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు చెడిపోతున్న ప్రాంతం, కారణం ఇప్పటికీ తేలలేదు. క్రియాటినిన్ పంపమని నువ్వు చెప్పనక్కర్లేదు, ఆ పిల్లవాడే అంటాడు. ఆయాసం ఉండి గుండె, ఊపిరితిత్తులు బాగుంటే రక్తహీనతను, ఒంట్లో ఆమ్లం పెరగడాన్ని మరిచిపోవద్దన్న సూత్రం అప్పుడు చెప్పు. అంతకుమించి చెప్పకు.

ఊరు, వృత్తి అన్న గడులు నింపేసి ముందుకెళ్లే పిల్లలను అక్కడే ఆపు. వెన్ను కట్టెలా బిగుసుకుపోయి గొంతుక్కూర్చోలేని మనిషి నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి వచ్చాడంటే, ఎక్స్‌రే కన్నా ముందే ఊరు ఫ్లోరోసిస్‌ను గుర్తుచేస్తుంది. ఈ వ్యాధిని మన దేశంలో 1937లో వర్ణించింది కూడా అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల పేషెంట్లలోనే.

ఇక తిట్టడం. పేషెంట్ ముందు విద్యార్థిని అవమానిస్తే చదువు వస్తుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. వచ్చేది భయం. భయపడ్డవాడు ‘చూడలేదు మేడమ్’ అనడు, చూశాననే అంటాడు, లేని స్ప్లీన్ తగిలిందంటాడు. ఆ అలవాటు ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. ‘చూడలేదు’ అని నిజం చెప్పినవాణ్ని అందరి ముందూ మెచ్చుకో, తప్పు మాత్రం పక్కకు పిలిచి చెప్పు. చెప్పేటప్పుడు విడమరిచి చెప్పు. ‘బాగా చేశావ్’ అంటే వాడికేమీ అర్థం కాదు. ‘స్ప్లీన్ కోసం కుడి ఇలియాక్ ఫోసా నుంచి మొదలుపెట్టావు, మంచిది. కానీ వేళ్లు పేషెంట్ ఊపిరి పీల్చేటప్పుడు కాకుండా వదిలేటప్పుడు కదిలించాలి’ అంటే రేపు మళ్లీ చేసుకోగలడు.

పేషెంట్ సంగతి విడిగా రాయాలి. ప్రభుత్వాసుపత్రికి వచ్చిన పేదవాడు ‘వద్దు బాబూ’ అనలేడు. అందుకే ‘మా పిల్లలు చూస్తారు, ఇష్టం లేకపోతే చెప్పండి, మీ వైద్యం ఏమీ ఆగదు’ అని నువ్వే ముందు చెప్పాలి. నొప్పి ఉన్న కడుపును ఇద్దరికి మించి తాకనివ్వకు. తెర లేకుండా బట్టలు తీయించకు. మంచం దగ్గర ఇంగ్లిషులో అన్నా క్యాన్సర్, టీబీ, హెచ్‌ఐవీ అన్న మాటలు అందరికీ అర్థమవుతాయి; వాటిని డ్యూటీ రూములో మాట్లాడుకోండి. వెళ్లేముందు ఒక విద్యార్థి చేత జబ్బు గురించి పేషెంట్‌కి తెలుగులో చెప్పించు. అది కూడా క్లినిక్సే.

పరీక్షలు మారకుండా ఇవన్నీ నిలుస్తాయా అని నీకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. లాంగ్ కేస్‌లో విద్యార్థి ఒంటరిగా కేసు తీస్తాడు, ఎగ్జామినర్ వచ్చి వింటారు. చేసేది చూసి మార్కులేసే ఓస్కీని 1975లోనే డండీలో హార్డెన్ తెచ్చారు. వార్డులోనే పదిహేను, ఇరవై నిమిషాలు గమనించి వెంటనే మాట్లాడే మినీ-సీఈఎక్స్ 1990ల్లో వచ్చింది. మనకు 2019 బ్యాచ్ నుంచి కొత్త కరికులం వచ్చింది: చేసి చూపడం, గమనించనివ్వడం, సాయం చేయనివ్వడం, చివరికి చేయనివ్వడం. కాగితం మీద లోటు లేదు.

ఆ కాగితమే నెలాఖరులో లాగ్‌బుక్‌ల కట్టగా నీ బల్ల మీదికి వస్తుంది. రద్దీలో ఉంటావు, పిల్లలు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. నీ కళ్లతో చూడని పనికి సంతకం పెట్టకు. విసుక్కున్నా సరే, వాళ్లను మంచం దగ్గరికి తీసుకెళ్లి చేసి చూపించమను. ఆ సంతకాన్ని నమ్మే రేపు ఏదో పీహెచ్‌సీలో ఆ డాక్టర్ని ఒంటరిగా డ్యూటీలో వేస్తారు.

ఇట్లు
మీ పెదనాన్న