మధుమేహము – పథ్యము – ప్రసాదము

దర్శనానంతరం ప్రసాదం పంచేచోట పెద్దవారిలో రెండు తెగలను చూస్తుంటాను. కొందరు "షుగరు ఉందండీ" అని చేయి వెనుకకు తీసుకుంటారు. మరికొందరు "స్వామి ప్రసాదానికి దోషమేమిటి?" అని రెండు దొన్నెలు స్వీకరిస్తారు. ఈ ఇరువురి విషయంలో శాస్త్రం ఏమంటున్నదో విన్నవించుకుంటాను.

చరకసంహిత ప్రమేహాలను 20 విధాలుగా విభజించింది. కఫజములు 10, పిత్తజములు 6, వాతజములు 4. మధుమేహం ఈ చివరి నాలుగింటిలోనిది. కదలక కూర్చోవడం, అతినిద్ర, పెరుగు, పాలు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు, నీటిలోను చిత్తడి నేలలలోను తిరిగే ప్రాణుల మాంసం, ఇవన్నీ మితిమీరితే ప్రమేహ కారణాలని ఆ గ్రంథం చెప్పింది. నీరు సమృద్ధిగా ఉండే సీమకు ఆయుర్వేదంలో అనూపదేశమని పేరు. ఒకవంక గోదావరి కాలువలు, మరొకవంక కొల్లేరు గల మన గణపవరం ప్రాంతం అచ్చమైన అనూపదేశం. కనుక ఈ హెచ్చరిక మనకు మరింత వర్తిస్తుంది.

ఒకనాడు మన రైతు దమ్ము చేసి, గట్లు వేసి, కోత కోసి, తిన్న అన్నాన్ని అరిగించుకునేవాడు. నేడు ఆ పని యంత్రాలది. అరవై దాటినవారికి ఆ కొద్దిపాటి శ్రమ కూడా లేదు. కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు. రక్తంలోని చక్కెరను అధికంగా వినియోగించేది కండరం. వయసుతో కండ తగ్గి పొట్ట పెరిగితే ఆ చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటడం ప్రమాద సూచన. మనదేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పరగడుపున చక్కెర 126 గాని, అంతకు మించి గాని ఉంటే మధుమేహంగా అనుమానించి, మరల పరీక్షతో నిర్ధారిస్తారు. 100 నుండి 125 వరకు ఉంటే ముంగిట నిలిచినట్లు.

ముంగిట ఉన్నవారు వెనుదిరగవచ్చు. 2002లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో మితాహారం, వారానికి 150 నిమిషాల నడకవంటి శ్రమ వలన వ్యాధి వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. అరవై దాటినవారిలో 71 శాతం తగ్గింది. "ఈ వయసులో ఇక ఏమి లాభం?" అనేవారికి ఇదే సమాధానం.

అన్నం సగానికి తగ్గించి ఆ చోట కూర, పప్పు నింపండి. చరకుడు ప్రమేహికి యవలను ముఖ్యాహారంగా చెప్పాడు. పంచదార మాని బెల్లం తింటే దోషం లేదనుకోవడం భ్రాంతి. రెండూ రక్తంలో చక్కెరను పెంచేవే.

ఇక ప్రసాదం. దాని మహిమ పరిమాణంలో లేదు. కన్నుల కద్దుకొని కణిక మాత్రం స్వీకరించినా అనుగ్రహం పూర్ణమే. మిగిలినది ఇంటివారికి పంచండి. నీరు, పండ్లు, పాలు, ఔషధం వ్రతభంగం చేయవని ధర్మశాస్త్ర సంప్రదాయం. కనుక ఏకాదశినాడు మాత్రలు మానవద్దు. వాటిని వేసుకొని నిరాహారంగా ఉంటే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఉపవాసానికి ముందే వైద్యుని అడిగి మోతాదు తెలుసుకోండి.

నిర్ధనుడైన ప్రమేహి పాదరక్షలు లేకుండా నూరు యోజనాలు నడవాలని సుశ్రుతుడు విధించాడు. అందులో నడకను గ్రహించండి. పాదాలలో స్పర్శ తగ్గినవారు మాత్రం వట్టి కాళ్లతో దూరం నడవరాదు. ప్రదక్షిణ ముగిసిన పిదప అరికాళ్లు పరీక్షించుకోండి. తెలియకుండా తగిలిన చిన్న గాయమే కాలు తీయించే స్థితికి తేగలదు.

నియమం కూడా ఆరాధనలో భాగమే. స్వామి మీకు ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక.