జరం దిగినంక నిమ్మలపడొద్దు

వానలు మొదలైనయంటే పాలమూరు, నల్లగొండ దవాఖానలల్ల ఒకటే మాట వినిపిస్తది: "ప్లేట్‌లెట్లు ఎన్నున్నయ్?" ఒకరు బొప్పాయాకు పసరు పొయ్యమంటరు, ఇంకొకరు కివీ పండ్లు తెమ్మంటరు. డెంగీ పరీక్ష రిపోర్టుల ‘ఎన్ఎస్1 పాజిటివ్’ అని రాసి ఉంటది. అదేందని ఎవ్వరం అడగం. అసలు కథంత దాంట్లనే ఉంది.

డెంగీ వైరస్ సొంతంగ ఏదీ చేసుకోలేదు. మన కణంల దూరి, మన కణంతోనే 10 ప్రోటీన్లు చేయించుకుంటది. మూడు దాని ఒంటికి. మిగిలిన ఏడు కణాన్ని గుప్పిట్ల పెట్టుకోనీకి, తను పెరగనీకి.

కణం ఊకుంటదా? ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను బయటికి వదులుతది. ఊర్లె డప్పు చాటింపు లెక్క, పక్క కణాలన్నిటికీ కబురు పోతది. ఆ కబురును కణం లోపల కేంద్రకం దాకా మోసేటిది స్టాట్2 అనే మన ప్రోటీన్. వైరస్ ఏడు ప్రోటీన్లల్ల ఒకటైన ఎన్ఎస్5 దాన్ని పట్టుకొని, పనికిరాని ప్రోటీన్లను కణం ముక్కలు చేసే చోటికే అప్పజెప్తది. కబురు చేరదు, వైరస్ పెరుగుతనే ఉంటది.

ఆ ఏడింట్లనే ఉన్న ఎన్ఎస్1 పని వేరే. అది నెత్తుట్ల కలిసి తిరుగుతది. అందుకే జరమొచ్చిన మొదటి ఐదు రోజుల్ల పరీక్షకు మంచిగ దొరుకుతది. రక్తనాళాల లోపలి కణాలను అంటుకొని, వాటి ఎంజైములనే ఉసిగొల్పి, పైనున్న చక్కెరల పూతను చెడగొడ్తది. నాళాలల్ల నుంచి నీరు బయటికి ఊరుతది, నెత్తురు చిక్కబడ్తది, బీపీ పడిపోతది. ఎన్ఎస్1 ఒక్కటే ఎక్కించినా నాళాలు కారుతయని 2015ల ఎలుకల మీద పరిశోధనలు చూపించినయి.

ఈ కారుడు ఎక్కువగ జరం దిగేటప్పుడే, మూడో రోజుకూ ఏడో రోజుకూ నడుమ మొదలైతది. మనమేమో అప్పుడే పిల్లను బడికి తోల్తం, మనం చేనుకు పోతం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి నెత్తురు, చల్లబడ్డ చేతులు, తగ్గిన మూత్రం... ఏది కనిపించినా దవాఖానకు ఉరకుండ్రి. నెత్తురు కారకుంటే, ప్లేట్‌లెట్లు 10 వేలకు పైన ఉన్నన్ని దినాలు మామూలుగ ఎక్కించే పని లేదని జాతీయ డెంగీ మార్గదర్శకాలు చెప్తున్నయి. జరానికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. దోమలు పుట్టకుండ గోలేలు, డ్రమ్ములు వారానికోసారి తోమి ఆరబెట్టుండ్రి.

ఈసారి డాక్టరును ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే అడగకుండ్రి. నెత్తురు ఎంత చిక్కబడ్డదో చెప్పే పీసీవీ ఎంతుందో కూడ అడుగుండ్రి.