తొలివేసవిలో ఇంటిపట్టున

గత సంవత్సరము జూన్ మాసమున పాఠశాల తిరిగి తెరచినప్పుడు, తొమ్మిదవ తరగతి విద్యార్థులను 'మా యింట వేసవి సెలవులు' అను విషయముపై వ్యాసము వ్రాయుమని కోరితిమి. ప్రయాణములు చేసినవారు రెండేసి పుటలు వ్రాసిరి. ఇంటివద్దనే యుండినవారిలో చాలమంది నాలుగు పంక్తులతో ముగించిరి. ఒక బాలుడు "సెలవులలో ఏమియు జరుగలేదు. ఎండ మిక్కుటముగా నుండెను" అని రెండు వాక్యములు మాత్రము వ్రాసి, క్రింద గీత గీసి, కాగితము మా చేతికిచ్చెను.

ఆ కాగితమే ఈ వ్యాసమునకు కారణము. ఆ బాలుని గ్రామము కృష్ణా డెల్టాలోనిది. చైత్ర వైశాఖములలో అట్టి యింట ఏమియు జరుగకుండుట యెట్లో మాకు బోధపడలేదు. జరుగునవి మెల్లగా జరుగును గనుక అతని కంటబడలేదని తోచినది. అందుచే ఈ సారి సెలవులకు ముందుగానే, ఇంటిపట్టున నుండి చూడదగినవాటిని కొన్నిటిని విద్యార్థుల యెదుట నుంచుచున్నాము. తలిదండ్రులు కూడ చదువుదురు గాక.

మొదట నీళ్ల కుండను చూడుడు. ఎండలు ముదురుటకు ముందే కుమ్మరి యొద్దనుండి కొత్తకుండ యింటికి వచ్చును. దానిని కడిగి, ఒక దినము నీటితో నింపియుంచి, ఆ నీటిని పారబోసి, పిమ్మట త్రాగునీరు పోయుదురు. గాలి యాడు మూల ఇసుక పరచి, దానిపై కుండ నిలిపి, చుట్టును తడిగుడ్డ కట్టుదురు. ఇదంతయు మన తల్లులకు తెలియును. దీని కారణము మీ భౌతికశాస్త్ర పుస్తకమున నున్నది. రెంటిని కలిపి చూచువారే అరుదు.

కుండ మట్టిలో కంటికి కనబడని రంధ్రములు కలవు. వాటి ద్వారా నీరు వెలుపలికి ఊరి, గాలి తగిలి ఆవిరియగును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల ఉష్ణము కావలెను. అది చాలవరకు కుండలోని నీటినుండియే తీసికొనబడును. ఇప్పుడు లెక్క వేయుడు. పది లీటర్ల నీటిని 10 డిగ్రీలు చల్లబరచుటకు 1,00,000 కెలోరీలు తీసివేయవలెను. దానిని 580 చేత భాగించినచో 172 వచ్చును. అనగా ఒక చిన్న గ్లాసెడు నీరు తాను ఆవిరియై, మిగిలిన కుండెడు నీటిని చల్లబరచుచున్నది! బయటి వేడిమి కుండలోనికి వచ్చుచునే యుండును గనుక, నిజముగా నింతకంటె ఎక్కువ నీరే వ్యయమగును. తూచి చూచినచో ఎంత యెక్కువయో మీకే తెలియును.

ఈ పని తొందరపెట్టిన జరుగదు. ఉదయము పోసిన నీరు మధ్యాహ్నమునకు గాని చల్లబడదు. గాలిలో తేమ యెక్కువగా నుండు మచిలీపట్టణమువంటి సముద్రతీర పట్టణములలో కుండనీరు ఒక మాదిరిగా చల్లబడును. పొడిగాలి వీచు అనంతపురమున ఎక్కువ చల్లబడును. ఎడతెగక వాడిన కుండలో నీటియందలి లవణములు రంధ్రములను పూడ్చివేయును. అప్పుడు 'కుండకు చలువ పోయినది' అందురు. పాతకుండ యుండగా ఏటేట కొత్తది కొనుట దుబారా యని తలచువారు దీనిని గమనింపవలెను.

ఫ్రిజ్జు గల యింట కుండ యెందుకని యడుగవచ్చును. ఫ్రిజ్జును మేము దూషింపము. మందులు చెడకుండ నుంచుటకు అది యెంతో మేలైనది. కాని యొక చిత్రమైన సంగతి చెప్పెదము. 1833లో అమెరికాలోని బోస్టన్ నగరమునుండి కలకత్తాకు ఓడలో మంచుగడ్డలు వచ్చెను. చెరువులపై గడ్డకట్టిన మంచును కోసి, రంపపుపొట్టులో కప్పి, నాలుగు మాసములు సముద్రముమీద తెచ్చి, దొరలకు చల్లని నీరు త్రాగించిరి. మద్రాసులోను అట్టి మంచు దాచుటకు గట్టిన భవనము నేటికిని సముద్రపుటొడ్డున నిలిచియున్నది. ఇప్పుడది వివేకానంద గృహము. ఆ దినములలోనే, ఆ భవనమునకు కూతవేటు దూరమున, బెస్తవాని యింటి వసారాలో కుండ చెమర్చుచునే యుండెను.

కుండను చూచిన పిమ్మట జాడీని చూడుడు. రెండును మట్టివే. కుండ చెమర్చవలెను, జాడీ చెమర్చరాదు. అందుకే జాడీకి గాజువంటి మెరుగుపూత వేసి కాల్చుదురు. ఆవకాయకు పుల్లని గట్టికాయను టెంకతో గూడ ముక్కలు కొట్టుదురు. టెంక లేనిచో ముక్క మెత్తబడిపోవును. ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె కలిపి జాడీలో పెట్టుదురు. ఉప్పు ముక్కలలోని నీటిని వెలికి లాగును. ఆవగింజ నలిగి తడి తగిలినప్పుడే దాని ఘాటు పుట్టును. పొడిగింజను ముక్కునొద్ద పెట్టుకొని చూడుడు, ఏ వాసనయు నుండదు. ఉప్పును పులుపును కలిసి సూక్ష్మజీవులను అడ్డగించును. పైన తేలిన నూనె గాలిని చొరనీయదు. తడిచేయి జాడీలో పెట్టిన పిల్లలను అమ్మమ్మలు కోపించుట చాదస్తము కాదు. తడి తగిలినచోట బూజు పుట్టును.

మూడవనాడు జాడీ మూత తీసి, అడుగునుండి కలిపి, రుచి చూచుదురు. ఆ మూడు దినములు ఆగలేక మధ్యలో వ్రేలు ముంచి చూచినవారు, మా తరములో మేమును గలము, పచ్చికారము నాలుక నంటుకొని పరుగెత్తినవారే.

మామిడిపండ్ల సంగతియు నిట్టిదే. ముదిరిన కాయలను వరిగడ్డిలో మాగవేయుదురు. పండుచున్న కాయ ఎథిలీన్ అను వాయువును విడుచును. ఆ వాయువు ప్రక్కకాయలను గూడ పండించును. గడ్డి ఆ వాయువును చెదరిపోనీయక నిలుపును. గదిలోనికి పోవగానే వాసనచేతనే ఏ మూల కాయ పండినదో చెప్పగల పిల్లలు పూర్వము ప్రతి యింటను నుండిరి. కాల్షియం కార్బైడుతో కాయలను మాగబెట్టుట మన దేశమున నిషేధింపబడినది. అయినను తొందరపడు వర్తకులు దానిని వాడుట మానలేదు. అట్టి పండునకు పైతొక్క రంగు తిరుగును గాని లోపల తీపి రాదు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. దానిని కోసి తినవలెను. చిన్నరసమును మాత్రము మెత్తగా నలిపి, తొడిమ త్రుంచి, పీల్చవలెను. దీనిని కత్తితో కోయువారిని చూచినచో మాకు జాలి కలుగును.

తాటిముంజెలనుగూర్చి విస్తరింపము. కాయకు సామాన్యముగా మూడు ముంజెలుండునని, మగచెట్టు కాయదని, లేతదనము కొలది దినములే యుండునని మీకు తెలియును. తిన్న పిమ్మట ఆ కాయలకు పుల్ల గ్రుచ్చి, పంగలకఱ్ఱతో బండి తోలుటయు తెలియును. మా విన్నప మొక్కటే. ఆ కాయలకొరకు అంత యెత్తు చెట్టెక్కినవాని కాళ్లకు బంధమును, నడుమునకు మోకును తప్ప మరి యాధారము లేదు. అతనితో బేరమాడునప్పుడు ఒకసారి చెట్టుకొనను చూడుడు. తొలివేసవి సుఖములన్నియు నీడ యున్నవారికే. రోడ్డు వేయువారికి, ఇటుకలు మోయువారికి ఆ యెండయే ప్రాణాపాయము. మీ వీథిలో చలివేంద్రము లేనిచో, గుమ్మము ప్రక్క నొక కుండయు గ్లాసును పెట్టి, దినమునకు రెండుసార్లు నింపుట పదేండ్ల పిల్లలకు కూడ సాధ్యము.

మధ్యాహ్నము చేయదగిన పరీక్ష యొకటి కలదు. పెరటిలో చదునైన చోట నిటారుగా ఒక పుల్ల నాటి, దాని నీడను దినదినము కొలువుడు. సూర్యుడు ఉత్తరమునకు జరుగుకొలది మిట్టమధ్యాహ్నపు నీడ కురుచయగుచు, ఒకనాడు పూర్తిగా మాయమగును. నెల్లూరున ఏప్రిల్ మాసాంతమున, మచిలీపట్టణమున మే మొదటి వారమున, హైదరాబాదున మే 9 ప్రాంతమున ఇది జరుగును. గడియారమును మాత్రము నమ్మరాదు. మన దేశపు గడియారములు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించును. ఆ రేఖ కాకినాడకు సమీపముగా పోవును. కావున పడమరనున్న హైదరాబాదున సూర్యుడు నడినెత్తికి వచ్చుసరికి పండ్రెండు దాటి సుమారు పండ్రెండు నిమిషములగును. ఆ దినమునకు ముందు నీడ ఉత్తరమునకు, తరువాత దక్షిణమునకు పడును. పుస్తకములో నిది ఒక పంక్తి; పెరటిలో నిది పదునైదు దినముల కాపలా.

ప్రొద్దు క్రుంకిన పిమ్మట వాకిట నీళ్లు చల్లి మంచములు వేయుదురు. మల్లెమొగ్గలు విచ్చును. అప్పుడు వెల్లకిల పరుండి ఉత్తరమున సప్తర్షులను వెదకుడు. వాటి తోకవంపును అట్లే సాగదీసినచో స్వాతి కనబడును; ఇంకను సాగదీసినచో చిత్ర. పున్నమ చంద్రుడు చిత్ర దరిని నిలుచు మాసము చైత్రము, విశాఖ దరిని నిలుచు మాసము వైశాఖము. పది గంటల వేళకు ఆగ్నేయమున ఎఱ్ఱని జ్యేష్ఠ పైకి వచ్చును. చేతిలో ఫోను వెలుగుచున్నచో ఇవి సగము కనబడవు. కన్ను చీకటికి అలవాటు పడుటకు ఇరువది నిమిషములైనను పట్టును.

వీటినన్నిటిని సెలవులలో ఒక పుస్తకమున వ్రాసికొని జూన్ మాసమున తెమ్మనుచున్నాము. ఇట్టి పుస్తకమును కొన్ని యేండ్ల క్రిందట ఒక బాలిక మాకు చూపెను. ఆవకాయ పెట్టునప్పుడు ఆమె యమ్మమ్మ కొలతలన్నియు సోలతో కొలిచి, ఉప్పు చాలలేదని తోచినప్పుడు మాత్రము పిడికిలితో వేసెడిదట. బాలిక ఒక పళ్లెము పట్టి, ఆ పిడికిలి ఉప్పును అందులో వేయించుకొని, వంటింటి కాటాపై తూచెను. "నా చేతికి తూకమేమిటే, పిచ్చిపిల్లా!" అని ముసలామె నవ్వెనట. తూకము 62 గ్రాములు. అదే ముసలామె పెట్టిన కడపటి ఆవకాయ; ఆ కార్తికములో ఆమె కాలము చేసెను.

మరుసటి వేసవిలో తల్లియు కూతురును ఆ పుస్తకము ముందు పెట్టుకొని జాడీ నింపిరి. మూడవనాడు మూత తీసి, అడుగునుండి కలిపి, తల్లి ఒక ముక్క నోట వేసికొని, కొంతసేపు మాటాడక, ఉప్పు సరిపోయినదని చెప్పెనట.