పాకలో చలికాలపు పడక: ఏది చౌక, ఏది ఖరీదు?

"ఎన్నిసార్లు ఊడ్చినా మా గేదె పేడలోనే పడుకుంటోంది." చలికాలంలో పాడి రైతుల నోట తరచు వినిపించే మాట ఇది. తెల్లారి పాలు పితకబోతే పొదుగంతా పేడ అట్టకట్టి ఉంటుంది. వేసిన గడ్డి రాత్రికి రాత్రే చిత్తడైపోతుంది. దాంతో పడక వేయడమే దండగని కొందరు మానేస్తారు. మానేస్తే వచ్చే నష్టం గడ్డి ఖర్చు కంటే పెద్దది.

నష్టం ఎలా వస్తుంది?

పెద్ద గేదె రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. మూత్రం దీనికి అదనం. చలికాలంలో పొద్దు చిన్నది, పైగా మంచు. తడిసిన నేల తొందరగా ఆరదు. మన గేదెలు ఎక్కువగా వానాకాలం, చలికాలం మొదట్లోనే ఈనుతాయి. అంటే పొదుగు నిండుగా ఉండే రోజులూ, నేల ఆరని రోజులూ ఒకేసారి వస్తాయి.

పాలు తీశాక చనురంధ్రం సుమారు అరగంట వరకు పూర్తిగా మూసుకోదు. అప్పుడు పశువు తడి నేల మీద పడుకుంటే సూక్ష్మజీవులు లోపలికి వెళ్లి పొదుగువాపు రావచ్చు. జబ్బు ముదిరితే ఆ చను మళ్లీ పాలకు రాకపోవచ్చు. ఒకటి రెండు గేదెల మీద ఇల్లు నడిపే రైతుకు ఇది చిన్న దెబ్బ కాదు.

ముందు తాడు, తర్వాత గడ్డి

గేదె పేడలో పడుకుంటోందంటే తప్పు చాలావరకు గేదెది కాదు, కట్టిన తీరుది. తాడు మరీ పొడవుంటే పశువు అడ్డం తిరిగి పడక మీదే పేడ వేస్తుంది. నిలబడే చోటు మరీ పొడవైనా ఇంతే. పెద్ద పశువుకు సుమారు అయిదున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటే పేడ వెనక కాలవలో పడుతుంది. తాడు మాత్రం సులువుగా పడుకుని లేచేంత వదలాలి.

నేల వెనక్కి వాలుగా ఉండాలి. అయిదడుగులకు అంగుళంన్నర వాలు చాలు. గుంటలుంటే మొరం పోసి దిమ్మిస కొట్టాలి. ఇది చేయకుండా ఎంత గడ్డి వేసినా వృథానే.

ఏ పడక ఎలాంటిది?

వరిగడ్డి: మెత్తన, వెచ్చన. తన బరువుకు దాదాపు రెండింతల తడిని పీలుస్తుంది. కాని మన దగ్గర గడ్డి అంటే మేత. మంచి గడ్డిని కాళ్ల కింద వేయనక్కరలేదు. తినగా మిగిలిన గడ్డిని ఎండలో ఆరబెట్టి వాడితే సరిపోతుంది. బూజు పట్టింది మాత్రం వద్దు.

ఊక: పశువు తినదు, అడుగున తడి నిలవనివ్వదు. అయితే తడిని తక్కువగా పీలుస్తుంది, ఎరువులో తొందరగా కుళ్లదు. మిల్లుల్లో బాయిలర్లకు వాడుతున్నందున ఇదివరకటంత చౌకగా దొరకడం లేదు.

రంపపు పొట్టు: తడిని బాగా పీలుస్తుంది. పచ్చి పొట్టు, తడిసిన పొట్టు పొదుగువాపు క్రిములకు పుట్టిల్లు. పూర్తిగా ఎండిందే వాడాలి.

చెరకు ఆకు: తోటలో తగలబెట్టే బదులు ముక్కలు చేసి పడకకు వాడుకోవచ్చు. ముక్కలు చేయకపోతే తడిని సరిగా పీల్చదు.

కొబ్బరి పొట్టు: కోనసీమ లాంటి చోట్ల దొరుకుతుంది. తడిని పీల్చడంలో దీనిదే పైచేయి. కుప్పలో ఉన్నప్పుడే నీరు పట్టి ఉంటుంది కనుక బాగా ఎండబెట్టాలి.

వేరుశనగ తొక్కలు: బూజు పట్టినవి పాకలోకి రానివ్వకండి. పశువు తింటే ఆ బూజు విషం పాలలోకి కూడా వస్తుంది.

పొడి మట్టి: ఏమీ కొనలేని రైతుకు ఇదే పడక. ఎర్రమట్టిని వానలకు ముందే ఒక మూల పోసి ఉంచుకుంటే మూత్రాన్ని పీల్చుకుంటుంది. నల్లరేగడి మాత్రం జిగురవుతుంది.

లెక్క ఇలా వేయండి

మూట ధర చూసి చౌక అనుకోవద్దు. ఎన్ని రోజులు పొడిగా ఉంటుందో చూడాలి. రోజుకు రెండు కిలోల చొప్పున వేస్తే మూడు నెలలకు ఒక పశువుకు 180 కిలోలు. దీన్ని మీ ఊరి ధరతో గుణించండి. రవాణా కలపండి. అందులోంచి ఎరువు విలువ తీసివేయండి. పశువు విసర్జించే నత్రజనిలో సగం దాకా, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది. పడక దాన్ని పట్టి పెంటకుప్పకు చేరుస్తుంది. అంటే ఖర్చులో కొంత మళ్లీ చేనుకే వస్తుంది.

రోజూ చేయాల్సినవి

ఉదయం, సాయంత్రం పేడ, తడిసిన పడక మాత్రం తీసి, ఆ మేరకు పొడిది వేయండి. అంతా ఎత్తిపోయనక్కరలేదు. వారానికోసారి మొత్తం తీసి, నేలను ఎండనిచ్చి, పలచగా పొడి సున్నం చల్లి, దాని మీద కొత్త పడక వేయండి. సున్నం పొదుగుకు తగలకూడదు.

పొడిగా ఉందో లేదో తేల్చుకోడానికి పడక మీద అర నిమిషం మోకాలు ఆనించి చూడండి. పంచె తడిస్తే గేదె పొదుగూ తడిసినట్టే.

పాలు తీశాక తొట్టిలో మేత వేయండి. తింటూ అరగంట నిలబడుతుంది. చలిగాలి వచ్చే వైపు రాత్రిపూట గోనె పట్టాలు కట్టండి. కాని పాకంతా మూసేయొద్దు. గాలాడకపోతే తడి లోపలే నిలిచి దూడలకు దగ్గు, నిమ్ము వస్తాయి.

పితికేముందు తొలి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండండి. తరకలు, ముక్కలు కనిపించినా, చను వేడిగా, గట్టిగా ఉన్నా ఆ పూటే పశువైద్యుడికి చూపించాలి. పడక మీద మిగుల్చుకున్న పది రూపాయలు మందుల దుకాణంలో వందలై పోకుండా చూసుకోవడమే అసలైన పొదుపు.